చిలకమ్మ కేసులో టీపిట్

కోవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది నేను విశాఖలో ఒక బోధనాసుపత్రి పాథాలజీ విభాగంలో ప్రొఫెసర్‌ని. అదే నా చివరి పోస్టింగు. సర్జన్లు కోసి పంపిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి అదేమిటో చెప్పడం మా పని. దండలు సర్జన్లకు పడతాయి, మాకు గాజు పలకలే మిగులుతాయి.

అనంతగిరి నుంచి చిలకమ్మ అనే కాఫీ కూలీ వచ్చింది. ఎదుటి పండ్లు కోసి పక్కవి వదిలేస్తోందని తోటివాళ్లు బద్ధకం అంటగట్టారట. నిజానికి ఆమెకు పక్కచూపు పోయింది. మెదడు అడుగున పిట్యూటరీ గ్రంథిలో పెరిగిన గడ్డ కంటి నరాలను నొక్కుతోంది. ముక్కు గుండా ఆపరేషన్ చేశారు, చూపు తిరిగొచ్చింది.

గడ్డ ముక్కలో హార్మోన్ల పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చాయి. పాత రోజుల్లో అయితే ఏ కోవకూ చెందని గడ్డ అని రాసి ఊరుకునేవాళ్లం. కానీ కణంలో ఏ జన్యువు పనిచేయాలో నిర్ణయించే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. హార్మోన్ కనిపించకపోయినా కణం ఏ వంశానిదో అవి చెబుతాయి. వాటికి పరీక్ష చేయిస్తే టీపిట్ అనే ప్రొటీన్ బయటపడింది. హార్మోన్ జాడ లేకుండా టీపిట్ ఉన్న గడ్డలు మళ్లీ పెరగడంలో మహా మొండివి. ఏటా స్కాన్ తప్పనిసరి అని రిపోర్టులో రాశాను.

మరుసటి ఏడాది ఆమె రాలేదు. అనంతగిరిలో మెడికల్ క్యాంపు పెడితే సర్జన్‌తో పాటు నేనూ ఘాట్ ఎక్కి, ఆమెకు కబురు పంపించాను. తోటలోంచి కోత బుట్టతోనే వచ్చింది.

"కళ్లు బాగానే అవుపడతన్నాయి గదా డాటరమ్మా, మల్లా రమ్మంటారేటి? ఇప్పుడు కొయ్యకపోతే పండు రాలిపోతాది" అంది.

గడ్డ కొంచెం మిగిలి ఉండొచ్చని, దాన్ని నడిపే ప్రొటీన్‌ని బట్టి అది మళ్లీ పెరగొచ్చని చెప్పాను. ఆమె బుట్ట కింద పెట్టింది.

"కాఫీ మొక్క నరికీసినా మోడు ఉంటే సిగురేసేత్తాది. ఇదీ అలాగేనేటి?"

అలాగేనన్నాను.

"అయితే బేగి సూసీయండి" అంది. మంచి కోత కాలంలో పని మానుకుని, ఆ వారమే బొర్రాలో రైలెక్కి విశాఖ వచ్చింది. స్కాన్‌లో గడ్డ మళ్లీ మొదలైనట్టు కనిపించింది, కంటి నరాన్ని మాత్రం ఇంకా తాకలేదు. అది చూశాక నాకు ప్రాణం లేచొచ్చింది. రేడియేషన్‌తో పెరుగుదల ఆగింది.

అలా పని మానుకుని వచ్చినందుకు నేనామెకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. నెగెటివ్ అన్న మాట దగ్గర పరీక్ష ఆపకూడదని నాకు ముందే తెలుసు. రోగికి అర్థం కాని రిపోర్టు ఎంత సరిగ్గా ఉన్నా సగం పనే అని మాత్రం చిలకమ్మే నేర్పింది.