కడుపులో బిడ్డకు తగుల్తుందని

నాకు ఏడో నెల నడుస్తున్నప్పుడు, ఒక పొద్దున మా ఇంటెనక షెడ్లన్నీ ఒక్కసారిగా మూగబోయినాయి. ఆళ్లగడ్డలో ఆ షెడ్లలోనే మా ఆయన విగ్రహాలు చెక్కుతాడు. పొద్దున మొదలైన రాయి కోసే మిషన్ల రొద పొద్దు గూకేదాకా ఆగదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ రొదలోనే నా వంటా, నా కునుకూ. అది ఆగేసరికి పొయ్యి కాడ నుంచి లేచొచ్చినా.

"ఏమైందత్తా, అందరూ పని ఆపినారు?" అని అడిగినా.

మా అత్త బియ్యం చాటలోంచి తల ఎత్తలేదు. "కరెంటు పోయింటాదిలే."

నా నెత్తి మీద ఫ్యాను తిరుగుతానే ఉంది.

కొంచేపటికి చూస్తే నా సెల్లు కనపడలేదు. పక్కింటామె వాకిట్లోకి వచ్చి, నన్ను చూసి, వచ్చిన పని చెప్పకుండానే వెనక్కి పోయింది. మధ్యాహ్నం అన్నానికి ఆయన రాలేదు. "రాయి చూసేదానికి నంద్యాలకు పోయినాడు" అనింది అత్త. గిన్నె మీద మూత పెట్టబోయి రెండుసార్లు జారవిడిచింది. మనిషి ఉన్నాడో లేడో తెలియక నా కడుపు గట్టిగా బిగుసుకపోయింది. బిడ్డ కదిలి చానా సేపయిందని అప్పుడు గుర్తొచ్చింది.

"నువ్వు చెప్పకుంటే రోడ్డు మీదికి పోయి అడుగుతా" అన్నా.

అప్పుడు ఏడ్చింది ఆమె. "విగ్రహాన్ని లారీకెక్కిస్తాంటే గొలుసు జారిందంటమ్మా. విగ్రహం వాని తొడ మీద పడి ఎముక ఇరిగింది. నంద్యాల ఆస్పత్రికి తీసుకపోయినారు. ప్రాణానికి భయం లేదంట. నువ్వు అంగలారిస్తే ఆ బాధంతా కడుపులో బిడ్డకు తగుల్తుందని చెప్పలేదు."

ఆ మాటతో నా భయం రెండయింది. ఆయన గురించి ఒకటి, నేను భయపడుతున్నానే అని ఇంకొకటి. నంద్యాల బస్సులో దారి పొడుగునా ఏడుపు మింగుతానే ఉన్నా. కొంగు చాటున కడుపు మీద చెయ్యి పెట్టుకుని, ఒక్కసారి కదులమ్మా అని లోపల లోపలే బతిమాలుకున్నా. కదల్లేదు.

ఆస్పత్రిలో ఆయన కాలుకు బరువులు కట్టి పండబెట్టినారు. నన్ను చూస్తూనే వాళ్లమ్మ మీద అరిచినాడు. "ఈమెను ఈడికెందుకు తోడుకొచ్చినావ్?" ఆ గొంతు విన్నాకే, బిడ్డ కదల్లేదని అక్కడున్న నర్సుకు చెప్పినా. ఆమె నా చెయ్యి పట్టుకుని కాన్పుల వార్డుకు తీసుకపోయింది. అక్కడి డాక్టరమ్మ కడుపు మీద మిషను పెడితే బిడ్డ గుండె డబడబ కొట్టుకోవడం గదంతా వినపడింది. బిడ్డ బాగానే ఉంది, నా బీపీనే ఎక్కువుంది అని చెప్పింది.

"మేడం, నా దిగులు బిడ్డకు పాకుతుందా?" అని అడిగినా.

ఆమె దాచలేదు. "కొంత పాకొచ్చు తల్లీ. దిగులు వదలకుండా ఉంటే బిడ్డ ముందుగా పుట్టొచ్చు, బరువు తగ్గొచ్చు. కొందరు పిల్లలు తొందరగా బెదురుతారు కూడా. అట్లని దిగులుపడిన ప్రతి తల్లి బిడ్డకూ అయితుందని లేదు. ఏడుపొస్తే ఏడువు. బిగబట్టుకుంటే దిగులు పోదు. తిను, మాత్రలేసుకో, పరీక్షకు తప్పకుండా రా." తర్వాత మా అత్త వైపు తిరిగి, "ఈమె దగ్గర ఏదీ దాచొద్దమ్మా" అనింది.

బయట బల్ల మీద కూర్చుని తనివితీరా ఏడ్చినా. మా అత్త వద్దనలేదు. నా భుజం మీద చెయ్యేసి తానూ ఏడ్చింది. ఆ తర్వాత ఇద్దరం ఒకే పొట్లంలో ఇడ్లీలు తిన్నాం. తింటుండగా బిడ్డ కదిలింది.

అయినా నెలలు నిండకముందే కాన్పయింది. ఆడబిడ్డ. గాజు పెట్టెలో వేలెడంత పాదాలు. ఆ ఒంటి మీద నా దిగులు యాడుందా అని వెతికినట్టు చూసేదాన్ని. ఇంటికి పంపేటప్పుడు, బట్ట అడ్డం లేకుండా ఛాతీకి ఆనించుకోమని నర్సు చెప్పింది. రోజంతా నా వల్ల అయ్యేది కాదు. కాలులో కడ్డీ వేయించుకుని మంచం మీదున్న ఆయన, "నాకు పనేముంది, ఇట్టియ్యి" అన్నాడు. గరుకు అరచేతులు గీసుకుంటాయని ముంజేతులతోనే పట్టుకునేవాడు. ఆయన రొమ్ము మీద అది నిద్రపోయేది.

బరువు మెల్లగా పెరిగింది. కానీ చిన్న చప్పుడుకే ఒళ్లంతా ఉలిక్కిపడేది. తోటి పిల్లలు మాట్లాడుతున్నా దానికి మాట రాలేదు. మళ్లీ నంద్యాలకు పోయి, అప్పటి దిగులేనా అని పిల్లల డాక్టరును అడిగినా.

"ఎంత దానివల్ల, ఎంత ముందుగా పుట్టినందువల్ల అనేది ఎవరూ చెప్పలేరమ్మా. చెవులు బాగున్నాయి. ఎప్పుడూ మాట్లాడిస్తా ఉండండి" అన్నాడు.

ఇంక మా అత్త నోరు ఆగలేదు. చాటలో రాయినీ, తట్టలో వంకాయనూ చూపించి పేర్లు చెప్పేది. ఒకరోజు గడపలోకి మేక తల పెడితే మా పాప చెయ్యెత్తి, "పోవే!" అనింది. ముగ్గురం పని వదిలేసి దాని చుట్టూ చేరినాం. ఇంకోసారి అనమంటే అనలేదు.

ఇప్పుడు బడికి పోతుంది. సన్నగానే ఉంటుంది, కుక్కరు కూత పెడితే చెవులు మూసుకుంటుంది. ఆయన కొంచెం కుంటుతా పనికి పోతున్నాడు. మొన్న పాప పొద్దుటి నుంచి ఏడుస్తోందని టీచరు ఫోన్ చేస్తే, చెప్పులు కూడా వేసుకోకుండా పోయినా. నేను పోయేసరికి నీళ్లు తాగుతా ఉంది.

"ఏందమ్మా, ఎందుకొచ్చినావ్?" అనింది.

ఊరికే అని చెప్పి బయటికొచ్చి గోడ పక్కన నిలబడినా. లోపల పిల్లలంతా ఎక్కాలు చదువుతున్నారు. ఆ గొంతుల్లో దాని గొంతు వినపడినాకే ఇంటికి కదిలినా.