కేరేజీ మాస్టారు అడిగిన మాట

మొన్న శనివారం మా మనవరాలి బడిలో తొమ్మిదో తరగతి పిల్లల పెద్దవాళ్ళని రమ్మని కబురు పెట్టారు. మా అమ్మాయికీ అల్లుడికీ తీరిక చిక్కక నన్ను వెళ్ళమన్నారు. విజయనగరంలో మా ఇంటికి ఆ బడి దూరమేమీ కాదు గానీ మోకాళ్ళ మాట కూడా వినాలి కనుక ఆటో ఎక్కి వెళ్ళాను. చల్లటి గదిలో, తెల్లటి తెర ముందు, మా అమ్మాయి కంటే చిన్నదైన చదువుల సలహా చెప్పే కౌన్సిలరమ్మ ఒకావిడ నిలబడి, పిల్లలు కంప్యూటరులో నొక్కిన జవాబులను బట్టి ఎవరికి ఏ చదువు నప్పుతుందో రంగురంగుల చక్రాలు వేసి చూపించింది. మంచి పిల్లే, ఓపికగానే చెప్పింది. తిరుగు దారిలో మనవరాలు ఆ రంగుల కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంటూ, "అమ్మమ్మా, నాకు నప్పుతుందన్న ఆ పని ఎలా ఉంటుందో నాకు తెలీదు, మరి నీ పని ఎలా ఉంటుందో చిన్నప్పుడు నీకు ఎవరు చెప్పారు?" అని అడిగింది. ఆటో చప్పుడులో సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి మజ్జిగ తాగి కూర్చున్నాక, ఆ రోజులన్నీ ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా కూర్చున్నాయి.

నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అరవైల చివర మనం హైస్కూల్లో ఉన్నప్పుడు ఎనిమిదో తరగతి అయిపోగానే ఒక పెద్ద గండం ఉండేది. తొమ్మిదిలో కాంపోజిట్ లెక్కలు తీసుకోవాలా, జనరల్ లెక్కలు తీసుకోవాలా అన్నది అప్పుడే తేల్చెయ్యాలి. కాంపోజిట్ అంటే బీజగణితం, రేఖాగణితం అన్నీ ఉన్న గట్టి లెక్కలు. జనరల్ తీసుకున్నవాళ్ళకి లెక్కలతో ముడిపడిన చదువుల తలుపులు ఇంచుమించు మూసుకున్నట్టే. ఆడపిల్లలని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు, పేరు పిలవగానే జనరల్ అని రాసేసుకునేవారు. అందులో కోపమూ లేదు, చిన్నచూపూ లేదు, జడకి రిబ్బను కట్టినంత సహజంగా జరిగిపోయేది.

మాది బొబ్బిలి. అప్పటికింకా శ్రీకాకుళం జిల్లాయే. నాన్న మిషన్ వారి ఎలిమెంటరీ బడిలో పంతులు, అమ్మ ఇంటిపట్టున ఉండేది, నాన్నకి అక్క అయిన మా మేనత్త ఊళ్ళోని మిషన్ ఆసుపత్రిలో నర్సు. అత్త పెళ్ళి చేసుకోలేదు. తెల్లచీర గంజి పెట్టి కట్టుకుని, జుట్టు ఒక్క వెంట్రుక చెదరకుండా ముడి వేసుకుని ఆవిడ వీధిలో నడిచి వస్తూంటే బళ్ళవాళ్ళు కూడా పక్కకి తప్పుకునేవారు. నేను పెద్దయ్యాక అత్తలాగే నర్సు అవుతానన్నది మా ఇంట్లో ఎప్పుడో తేలిపోయిన సంగతి. దానికి కారణం ఉంది. నాకు నడక వచ్చిన కొత్తలో విషజ్వరం వచ్చి, ఇక దక్కననుకున్నారట. అప్పుడు అమ్మ మంచం పక్కన మోకరించి, ఈ బిడ్డని బతికిస్తే నీ సేవకి ఇచ్చేస్తాను ప్రభువా అని మొక్కుకుందట. నేను బతికాను. ఈ కథ అమ్మ ప్రతి పుట్టినరోజుకీ, మేం గుడి అని పిలిచే చర్చికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది. విన్నవాళ్ళు నా తల నిమిరి, నర్సమ్మా అని పిలిచేవారు.

నా లోపల ఉన్న భయం మాత్రం ఎవరికీ తెలియదు. కోడిని కోస్తూంటే పెరట్లోంచి పారిపోయే పిల్లని నేను. చెల్లెలి మోకాలు చీరుకుపోతే నా కళ్ళు చీకట్లు కమ్మేవి. నర్సమ్మా అని ఎవరైనా పిలిచినప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు అక్కణ్ణించి తప్పుకునేదాన్ని. కానీ దేవుడికిచ్చిన మాట కదా, నాకు ఇష్టం లేదని అనుకోవడమే పాపమేమోనని, ప్రార్థనలో కూడా ఆ మాట పైకి అనేదాన్ని కాదు.

నేను ఎనిమిదో తరగతికి వచ్చిన సంవత్సరమే మా సోషల్ మాస్టారిని పైవాళ్ళు విశాఖపట్నంలో ఏదో శిక్షణకి పంపించారు. తిరిగొచ్చాక ఆయన కెరీర్ మాస్టారు అయ్యారని, ఏ పనికి ఏ చదువో ఇక ఆయనే చెప్తారని హెడ్మాస్టరుగారు ప్రార్థన సమయంలో చెప్పారు. ఆ మాట మాకెవరికీ నోరు తిరగలేదు. మాకు తెలిసిన కేరియర్లు రెండే, అన్నం పెట్టుకునేదీ, సైకిలు వెనకాల ఉండేదీ. మాస్టారి సైకిలుకి వెనకాల ఒకటుండేది, దాని మీద మధ్యాహ్నం భోజనం కేరేజీ కూడా ఉండేది. దాంతో పిల్లలందరికీ ఆయన కేరేజీ మాస్టారు అయిపోయారు. ఆయనకీ తెలుసు. ఒకసారి క్లాసులో తనే, మీ కేరేజీ మాస్టారు చెప్తున్నాడు వినండర్రా అని నవ్వేశారు.

ఆయన పద్ధతి వేరు. నల్లబల్ల మీద ఉద్యోగాల పేర్లు రాసి బట్టీ పట్టించలేదు. పని చేసేవాళ్ళ దగ్గరికి మమ్మల్నే తీసుకెళ్ళేవారు. శనివారాలు మధ్యాహ్నం మగపిల్లలు ముందు, ఆడపిల్లలం కుట్టుపని టీచరమ్మ వెనకాల వరసగా బయల్దేరేవాళ్ళం. రైల్వే స్టేషనులో తంతి మీట కొట్టే గుమస్తా మాలో ఒకడి పేరు కొట్టి వినిపించాడు. వీణలు చేసేవాళ్ళ ఇంటికి వెళ్తే పనస చెక్కని తొలుస్తున్న పెద్దాయన పని ఆపకుండానే అన్నీ చెప్పాడు, వాకిలంతా పనస పొట్టు వాసన. సాలూరు బస్సెక్కి వెళ్ళి లారీలకి బాడీ కట్టే షెడ్డు చూసి వచ్చిన రోజున సగం మంది మగపిల్లలు మేం లారీలే చేస్తామని పట్టుబట్టారు. వాళ్ళలో ఒకడు నిజంగానే అదే పనిలో దిగి బాగా స్థిరపడ్డాడు కూడాను.

ఆ తరవాత ఆసుపత్రి వంతు వచ్చింది. అక్కడ మాకు అన్నీ చూపించింది మా అత్తే. సూదులు మరగబెట్టే గిన్నె, జ్వరం చీటీలు, పురిటి గది గుమ్మం, అన్నీ గర్వంగా చూపిస్తూ నడుస్తోంది. మధ్యలో నన్ను ముందుకి పిలిచి, ఇది నా మేనకోడలు, రేపు నా పని ఇదే సేస్తాది అని తోటి నర్సుకి చెప్పింది. సరిగ్గా అప్పుడే పక్క మంచం మీద ఎవరో రైతు కాలికి కట్టు విప్పుతున్నారు. గొడ్డలి తగిలిన గాయమట. గుడ్డ ఆఖరి పొర అంటుకుపోయి, దాన్ని మెల్లిగా లాగుతూంటే ఆయన పళ్ళు బిగించి మూలిగాడు. అంతవరకే నాకు తెలుసు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి వరండాలో బల్ల మీద ఉన్నాను, నా తల అత్త ఒళ్ళో ఉంది, ఆవిడ గంజి చీరంతా నలిగిపోయింది. ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. నాకు మటుకు ఇక అంతా బయటపడిపోయిందన్న సిగ్గు, దేవుడి దగ్గర మాట తప్పుతున్నానన్న భయం కలిసి అన్నం కూడా సహించలేదు. మండుటెండలో నడిచి వెళ్ళింది కదా, వడదెబ్బ తగిలిందని అమ్మ ఉల్లిపాయ రసం పట్టించింది.

తరవాతి వారం నీటిపారుదల ఇంజనీర్ల ఆఫీసుకి వెళ్ళాం. ఏముంటుంది అక్కడ, కాగితాలు తప్ప అనుకుంటూ వెళ్ళాను. లోపలి గదిలో కిటికీ పక్కన వాలుగా ఉన్న పెద్ద బల్ల, దాని మీద నీలంగా మెరిసే ట్రేసింగు గుడ్డ, దాని మీదికి వంగి ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన రూలింగు పెన్నుతో గీత గీస్తున్నాడు. గీత ఎక్కడా వణకలేదు, ఎక్కడా లావెక్కలేదు. అది కాలవ అని, ఇవి తూములని, ఇక్కడ నేల పల్లం కనుక నీరు తనంతట తనే ఇటు పోతుందని మాస్టారు చెప్తున్నారు. నాకు ఆ గుడ్డ మీద నీరు నిజంగా పారుతున్నట్టే అనిపించింది. డ్రాఫ్ట్స్‌మన్ నన్ను చూసి, గీస్తావా అమ్మా అని పాత కాగితం ఒకటి పరిచి పెన్ను చేతికిచ్చాడు. గీశాను. కాస్త వంకర పోయింది. ఇంకొకటి గీశాను, తిన్నగా వచ్చింది. అందరూ బయటికి వెళ్ళిపోయినా నేనింకా అక్కడే ఉన్నానని టీచరమ్మ వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

ఆ వేసవి సెలవుల ముందు మాస్టారు మమ్మల్ని ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి మాట్లాడారు. నా వంతు రాగానే చిన్నప్పటి నుంచీ అలవాటైన జవాబు చెప్పేశాను, నర్సునవుతానండీ అని. ఆయన తల అడ్డంగా ఊపారు.

"నువ్వేటవుతావని అడగలేదమ్మా. ఇన్ని చూశాం కదా, నీకేది బాగుంది అని అడుగుతన్నాను."

అంత వరకూ నన్నెవరూ ఆ మాట అడగలేదు. జవాబుకి ముందే ఏడుపు వచ్చేసింది. ఆయన కంగారు పడలేదు, గదమాయించలేదు. వరండా స్తంభానికి ఆనుకుని, నా ఏడుపు అయ్యేదాకా నిలబడ్డారు. ఆ తరవాత జ్వరం సంగతీ, మొక్కు సంగతీ, కట్టు విప్పిన కాలు సంగతీ, గీత సంగతీ అన్నీ చెప్పేశాను. ఆదివారం మీ ఇంటికి వస్తానని మీ నాన్నతో చెప్పు అన్నారు.

ఆ ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి మాస్టారి సైకిలు మా గుమ్మంలో ఉంది. అత్త కూడా మాతోనే వచ్చింది. మాస్టారు నాన్నతో నెమ్మదిగా చెప్పారు, ఈ అమ్మాయికి లెక్కలు బాగా వచ్చు, చెయ్యి తిన్నగా ఉంది, కాంపోజిట్ ఇప్పిస్తే మంచిదని. నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ మొహం ఎర్రబడింది.

"దేవుడికిచ్చిన పిల్లండీ ఇది. మాట ఎలాగ తప్పమంటారు?"

నేను తలుపు వెనకాల నిలబడి కళ్ళు మూసుకున్నాను. ఇక అత్త కోపమే తరవాయి అనుకున్నాను. అత్త పీట లాక్కుని అమ్మకి ఎదురుగా కూర్చుంది.

"మరదలా, నువ్వు మొక్కుకున్నప్పుడు నేను నీ పక్కనే ఉన్నాను. దీని నుదుటి మీద తడిగుడ్డ ఏసింది నేనే. నీ సేవకిస్తాను ప్రభువా అన్నావు. నర్సుని సేస్తానని నువ్వనలేదు. నర్సు మాట తరవాత నువ్వు కలుపుకున్నావు."

అమ్మ ఆలోచనలో పడింది. అత్త గొంతు తగ్గించింది.

"నన్నెవరూ తోయలేదు, నాకు నేనే ఎల్లాను. అందుకే ఇన్నేళ్ళు నిలబడ్డాను. బయంతో వణికే సెయ్యి కట్టు కడితే నొప్పి రోగికే. ఆవేళ ఆసుపత్రిలో దీన్ని ఎత్తుకున్నప్పుడే నాకు తెలిసిపోయింది. నువ్వు బాదపడతావని నోరు మూసుకున్నాను."

చివరికి అమ్మ, కొంచెం బెట్టుగా, "అయితే గీతలు గీస్తే అది దేవుడి సేవ అవుతాదేటి?" అంది. అప్పుడు నాన్న మొదటిసారి నోరు విప్పాడు. "కాలవొస్తే నీరొస్తాది. నీరొస్తే జనం తింటారు. ఇంకేటి కావాలి?" అన్నాడు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచి, మాస్టారికి టీలో పంచదార ఎంత వెయ్యాలని అడిగింది. మా ఇంట్లో సరే అన్న మాటకి అంతకంటే పెద్ద గుర్తు లేదు.

ఆ మధ్యాహ్నం నాకు కలిగిన తేలికదనం ఈ రోజుకీ ఒంటికి గుర్తే. ఎన్నాళ్ళుగానో మోస్తున్న బరువు కాస్తా దిగిపోయి, పట్టరాని ఆకలి వేసింది. పప్పూ, ఎండుచేపల కూరా కలుపుకుని ఎంత తిన్నానో నాకే తెలియదు, అమ్మ నవ్వుతూ మళ్ళీ మళ్ళీ వడ్డించింది. అన్నాలయ్యాక అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుని జడ విప్పి మళ్ళీ అల్లింది. ఆవిడకి కోపం లేదన్న సంగతి ఆ వేళ్ళే చెప్పాయి.

తొమ్మిదో తరగతిలో కాంపోజిట్ బెంచీల మీద ఆడపిల్లలం ఇద్దరమే కూర్చున్నాం. తరవాత విశాఖపట్నంలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, ఆ నీటిపారుదల శాఖలోనే చేరి, వాలుబల్ల ముందు నా ఉద్యోగకాలం గడిపేశాను. ఎన్ని కాలవలు గీశానో, వాటిలో ఎన్ని నేల మీదికి వచ్చాయో, ఎన్ని అలమరల్లో ఉండిపోయాయో చెప్పలేను. అమ్మ మాత్రం గుడిలో కొత్తగా కనిపించిన ప్రతి వాళ్ళకీ, మా అమ్మాయి కాలవలు గీస్తాదండీ, అది దేవుడికిచ్చిన పిల్ల అని చెప్పుకుంటూ సంతోషంగా వెళ్ళిపోయింది. అత్త తన పని తను రిటైరయ్యే దాకా చేసింది. మాస్టారికి పార్వతీపురం బదిలీ అయింది. ఆయన వెళ్ళాక మా బడిలో ఆ శనివారాలు ఆగిపోయాయని తరవాత విన్నాను.

ఇప్పటి పిల్లలకి దారులు ఎక్కువ, అది మంచిదే. ఆడపిల్లవి కదా అని లెక్కలు తప్పించేవాళ్ళు లేరు, అందుకు నా మనసు నిజంగా కుదుటపడుతుంది. కానీ ఆ రోజుల్లో పని కళ్ళెదుట ఉండేది. వాకిట్లోనో, షెడ్డులోనో, కిటికీ పక్కనో ఎవరో ఒకరు చేస్తూ ఉండేవారు, బడిపిల్లలు గుంపుగా వచ్చి నిలబడితే విసుక్కోకుండా చూడనిచ్చేవారు. ఇవాళ ఆఫీసుల గుమ్మాల్లో కాపలావాళ్ళు ఉంటారు, మెళ్ళో కార్డు లేనిదే లోపలికి పంపరు. లోపలికి వెళ్ళినా కంప్యూటరు తెర ముందు కూర్చున్న మనిషి ఏం చేస్తున్నాడో పక్కన నిలబడ్డవాడికి కనిపించదు. నేను జీవితమంతా చేసిన పని కూడా ఇప్పుడు ఆ తెరలోకే వెళ్ళిపోయింది. నిన్న సాయంత్రం మనవరాలు వాళ్ళ నాన్నని నువ్వు రోజూ ఆఫీసులో ఏం చేస్తావని అడిగింది. అల్లుడు తెలివైనవాడు, మంచి ఉద్యోగం. చాలాసేపు ఆలోచించాడు, రెండు మూడు సార్లు చెప్పబోయి ఆగాడు. చివరికి, నువ్వు పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే అన్నాడు. ఆ పిల్ల తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.