పిన్ని పలకని మాటలు

మా పిన్ని సినిమాలకు డబ్బింగ్ చెబుతుంది. నాలుగేళ్ల క్రితం ఒక సినిమాలో, ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినే చంపే కంప్యూటర్‌కు గొంతు ఇచ్చింది. అప్పటినుంచి మా అందరికీ ఆవిడ దయ్యం పిన్ని. నిజానికి బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే మనిషి.

రెండో భాగం తీస్తున్నారని తెలిసి పిలుపు కోసం కళ్లు కాయలు కాచేలా చూసింది. స్టూడియోవాళ్లు ఒక్కరోజే పిలిచారు. సీను లేదు, తెర లేదు. అంకెలు, పేర్లు, ఏడుపు, నవ్వు మూడు గంటలపాటు చెప్పించి, మైకు సరిచూసుకోవడానికే అన్నారు. పిచ్చి పిన్ని నమ్మి, చూపించినచోటల్లా సంతకం పెట్టి వచ్చింది. మళ్లీ కబురు లేదు.

సినిమా విడుదలయ్యాక మ్యాట్నీకి నన్ను తోడు రమ్మంది. ఇంట్లో వాళ్లత్తగారు ఒక్కరే ఉంటారు. ఆవిడకు చూపు పోయి ఆరేళ్లు.

"నా గొంతు వినపడితేనే గడియ తియ్యండి అత్తయ్యా," అని రోజూ చెప్పేమాటే చెప్పి బయల్దేరింది.

సినిమా చప్పగా ఉంది. మొదటి భాగంలో గుండెలదరగొట్టిన కంప్యూటర్ ఇందులో ఉపన్యాసాలిస్తుంది. వెనక ఎవరో గురక పెడుతున్నారు. ఆవలిస్తూ పక్కకు చూశాను. పిన్నికి ముచ్చెమటలు పట్టాయి.

"గొంతు నాదేనే," అంది. "ఆ మాటలు మాత్రం నేను చెప్పలేదు."

నేనూ చెవిపెట్టి విన్నాను. పిన్నికి చిన్నప్పటి ఆయాసం వల్ల, మాట మొదలుపెట్టే ముందు చిన్నగా ఊపిరి పీల్చే అలవాటు. తెర మీది యంత్రమూ అలాగే పీలుస్తోంది. ఆ రోజు మైకు కోసమంటూ చెప్పించినవాటితోనే యంత్రానికి పిన్ని గొంతు నేర్పారన్నమాట.

"ఇంక నీకు పనివ్వరా?" అని అడిగాను దారిలో.

"పని పోతే పోయింది. నా గొంతుతో ఎవరికి ఏం చెబుతారో. అదే భయంగా ఉంది."

ఇంటికి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. పిన్ని చెప్పులతోనే లోపలికి పరిగెత్తింది. అత్తగారు ఒళ్లో ఫోను పెట్టుకుని మంచం మీద కూర్చున్నారు. అదృష్టం, లోపలికి ఎవరూ రాలేదు.

"తలుపు ఎందుకు తీశారత్తయ్యా?"

"నువ్వే కదమ్మా ఇందాక ఫోన్ చేసి, 'నేనే, వచ్చేస్తున్నా, తలుపు తియ్యండి' అన్నావు."

ఫోను తీసి ఆ నంబరుకు తిరిగి చేశాను. సినిమావాళ్ల ప్రకటన కాల్. ఊళ్లో అందరికీ చేస్తున్నారట.

"అది నేను కాదు," అంది పిన్ని.

పెద్దావిడ గొంతు వినపడ్డ వైపు తల తిప్పి, కాస్త వెనక్కి జరిగారు.

"మరి నువ్వెవరు?"

పిన్ని చిన్నగా ఊపిరి పీల్చుకుంది. ఏం చెప్పినా ఆ గొంతుతోనే చెప్పాలి.