ఇంటిపేరు తేలని రొయ్య

చాప మీద చోటుంది, దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గొంతెత్తి చెప్పే ముచ్చట కాదు. ఆ రోజుల్లో మేమంతా గుసగుసగానే బతికాం.

మా ఇల్లు తిరుమలగిరిలో. అమ్మ, అక్క, నేను. అక్క కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. నేను రెండో తరగతితో బడి మానేసి పొయ్యి దగ్గర కుదురుకున్నాను. అక్క బల్ల నిండా చిన్న సీసాలు. రామేశ్వరం వైపు పగడపు దిబ్బల్లో దొరికిన బియ్యపుగింజంత రొయ్యలు వాటిలో, స్పిరిటులో మునిగి ఉండేవి. చదువుకున్న పెద్దలు వాటన్నిటినీ ఒకే జాతిగా లెక్కగట్టి ఒకే ఇంటిపేరు పెట్టారట. అందులో ఒకదానికి పటకారులాంటి ముందుకాలు వేరే తీరుగా ఉందని, అది ఆ ఇంటిది కాదని అక్క వాదన. అలాంటిది ఆమెకు దొరికింది ఆ ఒక్కటే.

"ఎండిందంటే ఆ కాలు రాలిపోతది చెల్లీ. కాలు లేకుంటే నా మాట ఎవరు నమ్ముతరు?"

అవి రజాకార్ల రోజులు. బయటి నుంచి సరుకు ఆగిపోయింది. మందుల షాపుల్లో స్పిరిటు లేదు. సీసాలో ఉన్నది ఆవిరైపోతుంటే, రొయ్య వీపు పైకి తేలింది. నీళ్లు పోస్తే కుళ్లుతుంది. ఇక పనికొచ్చేది సారాయే అని అక్క మెల్లగా అంటూ అమ్మ గదివైపు చూసింది. మాది మందు వాసన ఎరుగని ఇల్లు. మా చర్చి గుడిలో ద్రాక్షారసం పంచే ప్రభువు బల్లకు కూడా అమ్మ ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసమే పంపేది.

అమ్మ గుడికి వెళ్లిన పూట, ఆ రసం పంపే డబ్బానే తీసుకుని నేను సారా అమ్మే ఆమె దగ్గరికి పోయాను.

"ఏందమ్మా, మీ ఇంట్ల సుత షురూ చేసిన్రా?" అని నవ్వింది. "తాగుడుకైతే నీళ్లు కలిపింది ఇస్తా."

"మండేది కావాలె."

చెంచాలో కొంచెం పోసి అగ్గిపుల్ల చూపింది. నీలంగా మండింది.

తిరిగి వస్తుంటే రోడ్డు మలుపులో తుపాకులతో ఇద్దరు నిలబడి ఉన్నారు.  డబ్బాను కొంగు చాటుకు తిప్పాను.

"ఏయ్, ఆగు! డబ్బాల ఏముంది? పెట్రోలా?"

 ఒలకబోస్తాడు, ఇక ఆ రొయ్య పోయినట్టే అనుకున్నాను. అబద్ధం తోచలేదు.

"సారా."

"ఎవరికి?"

"రొయ్యలకు."

ఒకడు మూత తీసి వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. రెండోవాడు పగలబడి నవ్వాడు. "రొయ్యలల్ల సారా పోస్తరంట! ఈ కిరస్తానోళ్ల వంటలు సూడుర భాయ్! పో, జల్ది పో!"

ఇల్లు చేరేసరికి గడపలో అమ్మ. డబ్బా వాసన ఆమెకు ముందే తగిలింది. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. అమ్మ డబ్బా నా చేతిలోంచి తీసుకుని అక్క బల్ల మీద పెట్టింది.

"తాగేది మనమా? పొయ్యండి. డబ్బా మాత్రం మళ్లీ గుడికి పోదు."

అక్క సారా పోస్తుంటే రొయ్య మెల్లగా మునిగింది. కాలు రాలలేదు.

కొన్నాళ్లకు రజాకార్ల ఆట కట్టించడానికి ఇండియా మిలిటరీ బండ్లు వచ్చాయి. వీధంతా బయటికి పరుగెత్తితే అక్క భూతద్దం మీంచి తలెత్తలేదు. "దీని ఇంటిపేరు వేరే, చెల్లీ," అంది. నేను వీధిలోకి పోకుండా ఆమె పక్కనే వంగి ఆ కాలు చూశాను.

మీ గడపలో ఎప్పుడూ తుపాకీ నీడ పడకూడదు. మీ ఇంట్లో చిన్న ప్రాణి మొదలు పెద్ద ప్రాణి దాకా అందరూ తమ పేరుతో చల్లగా ఉండాలి.