గాల్లో నిలబడ్డ గొర్రెలు

ఆ రోజుల్లో అనంతపురంలో కంప్యూటరున్న గదిలోకి పోవాలంటే చెప్పులు బయట విడవాలి. లోపల ఏసీ ఉండేది కాదు, అయినా ఉన్నట్టే తలుపు మూసుకోవాలి. చేతిలో డిగ్రీ, జేబులో ఫ్లాపీ ఉన్నవాడికి ఈ లోకాన్ని గళ్లు గళ్లుగా విడగొట్టి ఏ గడిలో ఏది ఉండాలో తేల్చి చెప్పగలననే ధీమా ఉండేది. నాకైతే ఆ ధీమా కంప్యూటరు రాకముందు నుంచే ఉంది. మా అమ్మ సంతకు పంపితే కూరగాయలు అక్షరక్రమంలో కొనేవాణ్ణి. అల్లంతో మొదలుపెట్టి, ఉర్లగడ్డ, కొత్తిమీర, టమాటా దాటుకుని వంకాయల దగ్గరికి చేరేసరికి సంత ఎత్తేసేవాళ్లు. (మా ఇంట్లో వంకాయ కూర అరుదుగా ఉండేది. కారణం మా నాయనకు చాలాకాలం తెలియలేదు.) అలాంటివాణ్ణి చదువు ముగించి, గొర్రెల పెంపకందార్ల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో ఆరునెలల పరీక్ష మీద చేరాను. పరీక్షలో తప్పితే బుక్కరాయసముద్రంలో మా జిరాక్సు మామ అంగట్లో కూర్చోవాలి. ఆ అంగడి రేకుల షెడ్డు. లోపల జిరాక్సు మిషను ఒక పొయ్యి, మా మామ నోరు ఇంకో పొయ్యి. "కంప్యూటరు చదివినోడివి, కాగితం తిప్పి పెట్టేది రాదా రా నీకు?" అనే మాట వేసవి సెలవుల్లోనే కావలసినంత విని ఉన్నాను కాబట్టి, ఆ ఉద్యోగం నిలబెట్టుకోవడం నాకు చావుబతుకుల సమస్యగానే ఉండేది.

మా మేనేజరును అందరం చాటుగా 'సుమారు సార్' అనేవాళ్లం. టైమెంత సార్ అంటే వాచీ చూసి మరీ "సుమారుగా పది" అనేవాడు. పిల్లలెంతమంది సార్ అని ఎవరో అడిగితే "సుమారు ఇద్దరు" అన్నాడని ఆఫీసులో చెప్పుకునేవాళ్లు. నాలాంటివాణ్ణి ఆయన కింద వేసిన దేవుడికి మంచి హాస్యం ఉండి ఉండాలి. ఆయన ఒకసారి హైదరాబాదులో ఏదో శిక్షణకు పోయి, కళ్లు మెరిపించుకుంటూ తిరిగొచ్చాడు.

"ఏమప్పా, వాటర్‌ఫాల్ చార్ట్ అంట. ఆడ పెద్ద కంపెనీలోళ్లు గోడ మీద వేసి చూపించినారు. మెట్లు మెట్లుగా ఎక్కుతాది, దిగుతాది. ఎంత వచ్చె, ఎంత పాయె, ఎంత మిగిలె, అంతా ఒక్క బొమ్మలోనే. హైదరాబాదు మేడం వస్తాండాది మడకశిరకు. మనకూ అట్లాంటిదొకటి కావాల."

హైదరాబాదు మేడం అంటే మాకు నిధులిచ్చే ఆఫీసులో పెద్దామె. మడకశిర పక్కన గొర్రెల కాపర్లకు ఒక డాక్టరు జీపు ఇవ్వాలా వద్దా అన్నది ఆమె చేతిలో ఉంది. జీపంటే మందులూ, సూదులూ, ఒక డాక్టరూ పల్లెపల్లెకూ తిరిగే బండి. "జీపు వస్తే దాని లెక్కలు రాసే మనిషి కావాల. అప్పుడు నువ్వుంటావు. రాకపోతే నేనే ఉంటానో లేదో సుమారుగా కూడా చెప్పలేను," అన్నాడు సార్. నా కళ్లముందు మామ అంగడి రేకులు మెరిశాయి.

ఇప్పటి పిల్లలకు ఇది చెబితే నవ్వుతారు గానీ, ఆనాటి ఎక్సెల్‌లో వాటర్‌ఫాల్ చార్టుకు మీట లేదు. దొంగదారిన చేసుకోవాలి. ఏడాది మొదట్లో ఉన్న గొర్రెలు నేల మీద నిలబడ్డ ఒక స్తంభం. ఈనిన పిల్లలు ఆ స్తంభం ఎత్తు నుంచి పైకి లేచే ఇంకో ముక్క. అమ్మినవి, రోగమొచ్చి చచ్చినవి, తోడేలు ఎత్తుకుపోయినవి ఒక్కొక్కటీ ముందుది ఆగినచోటు నుంచి కిందికి దిగే ముక్కలు. చివర మిగిలినవి మళ్లీ నేల మీద స్తంభం. మధ్యలో ఉన్న ముక్కలు గాల్లో నిలబడాలంటే ప్రతిదాని కిందా ఒక ఉత్త స్తంభం కట్టి, దానికి రంగూ గీతా తీసేసి కనపడకుండా చేయాలి. పైవాడు గాల్లో తేలుతున్నట్టు ఉంటాడు, నిజానికి కిందివాడి భుజాల మీద ఉంటాడు. నేను ఆ ఉత్త స్తంభాల ఎత్తులు లెక్కకట్టి, సరిచూసి, ఇంకోసారి సరిచూసి, సార్‌కు చూపించాను.

సార్ తెర దగ్గరికి ముఖం పెట్టాడు. "బాగుండాది. కానీ గొర్లు గాల్లో ఎందుకు నిలబడినాయి?"

"కింద స్తంభాలున్నాయి సార్. కనపడవు."

"ఉండాయా?"

"ఉన్నాయి సార్."

"ఏదీ?"

ఒకదాని మీద మౌసు నొక్కి రంగు వేసి చూపించాను. మళ్లీ తీసేశాను. సార్‌కు అది ఎంత నచ్చిందంటే, మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్లందరినీ పిలిచి, "చూపించప్పా... ఇప్పుడు దాచు... చూపించు..." అని ఆడించాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ చార్టులో ఉన్న అంకెలు సార్ నోటినుంచి వచ్చినవి. అంటే ఎలాంటివో మీకు ఈపాటికి తెలుసు. కాపర్ల నుంచి అసలు లెక్క తెద్దామని నేను వరుసలు గీసిన కాగితాలు పట్టుకుని మడకశిర చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాను. మందను లెక్కపెట్టి పైకి చెబితే దిష్టి తగులుతుందని, సాయంత్రానికి ఒక గొర్రెపిల్లైనా చచ్చిపడుతుందని అక్కడి కాపర్ల నమ్మకం. రోడ్డంతా నిండి, బస్సును ఆపి, డ్రైవరు చేత తిట్టించుకుంటున్న మంద వెనకనున్న మనిషిని "అన్నా, ఎన్ని గొర్రెలున్నాయి?" అని అడిగితే, ఆయన ఆ మంద వైపు చూడకుండా "ఉండాయప్పా నాలుగు" అనేవాడు. పక్క పల్లెలోనూ నాలుగే. ఆ పక్క పల్లెలోనూ నాలుగే. నా ఎక్సెల్ షీటులో పైనుంచి కిందిదాకా నాలుగులు బారులు తీరాయి. సగటు కట్టడానికి కంప్యూటరు అక్కర్లేని సర్వే అది. చచ్చినవెన్ని అంటే అదీ చెప్పరు, ఉన్నవి తెలిసిపోతాయని.

సరే, చార్టు తయారయింది. "కరెంటును నమ్ముకుని ఆడికి పోతే గోవిందా," అన్నాడు సార్. "గుడ్డ మీద రాయిద్దాం." ఆ పని షేడు భాయ్‌కి పోయింది. టౌనులో సైకిల్ షాపుల నుంచి పెండ్లి పందిళ్ల దాకా బోర్డులన్నీ ఆయన చేతివే. ఏ అక్షరం రాసినా దాని వెనక నల్లటి నీడ వేయనిదే కుంచె కింద పెట్టడు, అందుకే ఆ పేరు. ఆయనకు నా ప్రింటు కాగితం ఇచ్చాను.

"ఈ డబ్బాలు గాల్లో యాడ మొదలుపెట్టాల భాయ్? అందాజాగా వేసేదా?"

అందాజాగా! ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే మెట్టుకు మెట్టు కలవదు. అందుకని స్కేలు తీసుకుని, కనపడని స్తంభాలన్నింటినీ పెన్సిలుతో చుక్కల గీతలుగా గీశాను. ఎందుకైనా మంచిదని ప్రతి స్తంభంలోనూ శుభ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఇది కనపడకూడదు' అని రాశాను. ఏ స్తంభాన్నీ వదల్లేదు. (వదలడం నా జాతకంలో లేదు.)

"కాగితంలో ఎట్లుంటే అట్లే దించుతా భాయ్. అక్షరం తేడా వస్తే నా చెయ్యి నరుక్కుంటా," అన్నాడాయన. నాకు మనసు నిండిపోయింది. మాటంటే ఇలా ఉండాలనుకున్నాను.

షేడు భాయ్ రంగు ఆరకముందు ఎవరికీ చూపించడు. మేం బయలుదేరే పొద్దున రంగు వాసన కొడుతున్న చుట్టను మా బాడుగ వ్యాను మీద కట్టి, "ఆడికి పోయినాకే విప్పండి, ఎండకు ఆరతాది," అన్నాడు. మడకశిర పక్క ఊళ్లో, బడి ముందు, రెండు వేప చెట్ల మధ్య దాన్ని చుట్ట విప్పకుండానే తాళ్లతో కట్టాం. మేడం కుర్చీలో కూర్చుంది. కాపర్లు నేల మీద కూర్చున్నారు. అందరికీ ముందు కంబళి తాత. నడి ఎండాకాలంలోనూ భుజం మీద కంబళి దించని మనిషి, ఆ చుట్టుపక్కల ఆయన ఊ అంటేనే కాపర్లు ఊ అంటారు. మేడం నేరుగా విషయానికి వచ్చింది.

"మీ సార్ పంపిన అంకెలు చూశాను. ఇవి అంచనాలు. మీ గొర్రెలు ఎన్ని, రోగాలతో ఎన్ని పోయాయి, మీరు చెప్పండి. మీ నోటితో చెబితేనే జీపు సంగతి ఆలోచిస్తాను."

కాపర్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "నాలుగుండాయమ్మా," అన్నాడొకాయన. "నాకూ నాలుగే," అన్నాడు పక్కాయన. మేడం ముఖం చిన్నబోయింది. సార్ గాభరాగా "బ్యానరు విప్పప్పా, బ్యానరు!" అన్నాడు.

తాడు లాగాను. గుడ్డ జారి విచ్చుకుంది.

పైన నా ముక్కలు నా కొలతకే ఉన్నాయి, వెంట్రుకవాసి తేడా లేదు. వాటి కింద, ప్రతి స్తంభం నిండా, ఎర్ర రంగులో, వెనక నల్లటి నీడతో, మూరెడేసి అక్షరాల్లో 'ఇది కనపడకూడదు' అని ఉంది. ఊరి చివర బస్సు దిగినవాడికి కూడా కనపడేలా ఉంది.

చదువొచ్చిన ఒకాయన కూడబలుక్కుని పైకి చదివాడు. "చచ్చినవి... ఇది కనపడకూడదు. అమ్మినవి... ఇది కనపడకూడదు. ఏమప్పా, ఏం దాస్తాండారు మీరు?"

మేడం నా వైపు తిరిగింది. "ఏమిటిది? ఏది కనపడకూడదు?"

సార్ వైపు చూశాను. ఆయన నోటి నుంచి "సుమారుగా..." అని ఒక్క మాట వచ్చి అక్కడే ఆగిపోయింది. నేనే లేచాను. "మేడం, మొదటిది, అది స్తంభం. రెండోది, అది ఉంది. మూడోది, కానీ లేదు. అంటే ఉండాలి, ఉన్నట్టు తెలియకూడదు. దాని మీదే చచ్చిన గొర్రెలు నిలబడతాయి..."

"చచ్చినవి ఎట్ల నిలబడతాయిరా?" అన్నారెవరో. అందరూ గొల్లుమన్నారు. నాకు మామ అంగట్లో స్టూలు కనపడింది. దాని మీద నేను కనపడ్డాను.

అప్పుడు కంబళి తాత కర్ర ఊతంగా లేచి బ్యానరు దగ్గరికి నడిచాడు. ఆయనకు చదువు రాదు. ఇంకోసారి చదివించుకున్నాడు. అక్షరాల మీద చెయ్యి పెట్టి చూశాడు (వేళ్లకు ఎర్ర రంగు అంటింది). నా వైపు తిరిగాడు.

"ఏం పిల్లోడా, ఇది రాయించింది నువ్వేనా?"

"నేనే తాతా. అంటే రాయొద్దనే రాసినాను, కానీ..."

"కూర్చో. నీకు చెప్పేది రాదు, నేను చెప్తా." మేడం వైపు తిరిగాడు. "అమ్మా, కొత్త ఇంటికి బూడిద గుమ్మడికాయ కడతాం. చేన్లో బొమ్మ నిలబెడతాం. ఎందుకు? కన్ను పడకుండా. ఈ ఆఫీసోళ్లు వచ్చేది, లెక్క అడిగేది, పోయేది. మా గొర్లకు దిష్టి తగుల్తాదే అని ఒక్కడన్నా తలిచినాడా? ఇన్నేండ్లకు ఈ పిల్లోడికి తెలివొచ్చె. లెక్క కిందనే, కనపడకూడదు అని ఎర్రంగా రాయించినాడు. ఇంగ ఎవుని కన్ను పడతాదప్పా?"

కాపర్లలో గుసగుస బయలుదేరింది. నేను నోరు తెరవబోయాను. సార్ నా కాలు తొక్కాడు. అది సుమారుగా తొక్కింది కాదు, గురిచూసి తొక్కింది.

"రాసుకో పిల్లోడా," అన్నాడు తాత. "నాకు నాలుగు కాదు. నాలుగు నూర్లు. మొన్న వానల్లో మూతివాపొచ్చి అరవై పోయినాయి. సూది వేసేవాడు వచ్చింటే బతికేటివి." అంటూ ఆగి, "ముందు ఆ మాట రాయి. ఆమీదనే అంకె," అన్నాడు.

కాగితం మీద ఆయన పేరు పక్కన 'ఇది కనపడకూడదు' అని రాసి, ఆమీద అంకె రాశాను. ఇక చూడాలి, కాపర్లు బారు తీరారు. ప్రతివాడూ నేను ఆ మాట రాసేదాకా నోరు మెదపడు, రాసినాక వంగి చూస్తాడు. ఒకాయనైతే కాగితాన్నీ బ్యానరునూ మార్చి మార్చి చూసి, "నాదానికి వెనక నల్లంగా లేదే? దానికుండాది కదా?" అన్నాడు. పెన్నుతో అక్షరం అక్షరానికీ నీడ దిద్దాను. అది చూసి, ముందు చెప్పిపోయినవాళ్లు కూడా తమ అక్షరాలకు నీడ వేయించుకోవడానికి వెనక్కి వచ్చారు. మేడం కుర్చీ నా పక్కకు లాక్కుని, రోగాలతో పోయిన గొర్రెల అంకెలను తన డైరీలో ఎక్కించుకుంది. ఆమెకు నవ్వొస్తోందో కన్నీళ్లొస్తున్నాయో నాకు తెలియలేదు.

అసలు లెక్కతో చార్టు మళ్లీ చేస్తే, రోగాలతో పోయినవి అంత ఎక్కువై, ఆ మెట్టు సార్ అంచనా కంటే చాలా కిందికి దిగింది. దాన్ని చూశాక జీపు గురించి ఎవరూ మాట్లాడాల్సిన అవసరం రాలేదు. జీపు వచ్చింది, నేనూ ఉండిపోయాను. జిరాక్సు మామ మాత్రం "నీ సీటు ఖాళీగానే పెట్టినా లేరా, ఎప్పుడైనా రా," అనేవాడు. షేడు భాయ్ దగ్గరికి పోతే, "అక్షరం తేడా వచ్చిందా భాయ్?" అని గర్వంగా అడిగాడు. రాలేదన్నాను. నిజమే కదా. సార్ అయితే ఆ తర్వాత మా ఆఫీసు నుంచి పోయే ప్రతి చార్టులోనూ ఆ మాట ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. హైదరాబాదులో దాన్ని కొత్త పద్ధతి అనుకున్నారని విన్నాను.

ఇప్పుడు వాటర్‌ఫాల్ చార్టుకు ఒక మీట ఉంది. నొక్కితే చాలు, ముక్కలు వాటంతటవే గాల్లో నిలబడతాయి. కింద ఎవరి భుజాలూ అక్కర్లేదు. అయినా నేను చేసే ప్రతి చార్టులో ఒక మూల తెల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో ఆ మాట రాస్తాను, అలవాటుగా. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, నాలాగే వరుసల మనిషి, పేజీ మొత్తాన్ని మౌసుతో పట్టేసరికి ఆ అక్షరాలు నీలంగా బయటపడ్డాయి. నా టేబులు దగ్గరికి వచ్చి, "సార్, ఇది పొరపాటున ఉండిపోయినట్టుంది, తీసేయమంటారా? ఎందుకోసం పెట్టారు?" అని అడిగింది. కారణాలు ఒకటి, రెండు, మూడు అని వరుసగా చెబుదామని వేలు మడిచాను. ఎదురుగా రెండు వేప చెట్లు, ఎర్ర రంగంటిన ముసలి వేళ్లు, నోరు తెరుచుకుని నిలబడ్డ ఒక బక్కపలచని కుర్రాడు కనపడ్డారు.

"ఉండనీ అమ్మా," అన్నాను. "సుమారుగా... దిష్టికి."