రేషన్ డబ్బాలో పెట్రోలు

ఆ రోజుల్లో బంద్ మాకు ముందురోజు సాయంత్రమే మొదలయ్యేది. పాల ప్యాకెట్లు, కూరగాయలు, పెట్రోలు ఇంట్లోకి చేర్చుకోవాలి. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదుంది. ఎల్‌బీ నగర్ దాటాక మన్సూరాబాద్‌లో ఒక ఇంటి పై వాటాలో నేనూ మా ఆవిడా అద్దెకు ఉండేవాళ్లం. ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు దిల్‌సుఖ్‌నగర్‌లో డయాలసిస్ చేయించాలి. ఒక్కసారి తప్పితే కాళ్లు ఉబ్బిపోయేవి, పడుకుంటే ఊపిరాడేది కాదు. అందుకని బస్సులున్నా లేకున్నా నా పాత మోటార్ సైకిల్ కదిలి తీరాల్సిందే.

ఆ బండి నేను విజయవాడ నుంచి తెచ్చుకున్నది. నంబరు ప్లేటు చూస్తే చాలు, మేం ఎక్కడివాళ్లమో వీధంతటికీ తెలిసిపోయేది.

కింది వాటాలో ఉండే ఆయనది నల్గొండ వైపు పల్లె. బస్సు డిపోలో మెకానిక్, నాకంటే పదేళ్లు పెద్ద. అప్పుడు సమ్మెలో ఉన్నాడు. సొంత బండి లేదు, చౌరస్తాలోని దీక్షా శిబిరానికి రోజూ నడిచే వెళ్లేవాడు. వారం క్రితం మెట్ల దగ్గర మేమిద్దరం రాష్ట్రం సంగతి మీద గొంతులు పెంచుకున్నాం. నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు.

బంద్ రోజు ఉదయం పదకొండింటికి ఆమెను మిషన్ మీద పెడతామన్నారు. ఎనిమిదిన్నరకే కిందికి దిగి కిక్కు కొట్టడం మొదలుపెట్టాను. ఇరవై కొట్టాను, నలభై కొట్టాను. ఇంజిను ఒకసారి దగ్గి ఊరుకుంది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే రోడ్ల మీద టైర్లు కాలుతున్నాయని, ఎప్పుడొస్తామో చెప్పలేమని అన్నారు. నిన్నటిదాకా శుభ్రంగా నడిచిన బండి రాత్రికి రాత్రి ఎలా చెడుతుంది? ట్యాంకు మూతకు తాళం ఎప్పుడో పోయింది. మూత తీసి లోపలికి తొంగి చూశాను. తల తిప్పి కింది వాటా కిటికీ వైపు చూశాను. ఆయనే ఏదో పోసి ఉంటాడనిపించింది. అనిపించడమేమిటి, నమ్మేశాను.

అంతలో తలుపు తెరుచుకుని ఆయనే లుంగీ మీద బయటికొచ్చాడు.

"ఏమైంది తమ్మీ? ఇయ్యాల చెల్లెను దవాఖానకు తీస్కపోవాలె గద?"

నేను ముక్తసరిగా "స్టార్ట్ అవడం లేదు" అన్నాను. ఆయన నా బండి పనిముట్లలోంచి పానా తీసుకుని గచ్చు మీద కూర్చున్నాడు.

ముందు ప్లగ్గు విప్పాడు. దాన్ని ఇంజినుకు ఆనించి పట్టుకుని, కిక్కు కొట్టమన్నాడు. చిటుక్కున నిప్పురవ్వ వచ్చింది. "నిప్పు మంచిగనే ఉన్నది" అన్నాడు. తర్వాత ట్యాంకు కింది పైపు లాగి చూశాడు. ధార బాగానే వచ్చింది. కార్బురేటర్ విప్పి, సన్న రంధ్రాలన్నీ నోటితో ఊదాడు. అన్నీ బిగించాక మళ్లీ కొట్టాను. అదే దగ్గు. తొమ్మిదిన్నర అయింది. మెట్ల మీద కూర్చున్న మా ఆవిడ పాదాలకు అప్పటికే చెప్పులు పట్టడం లేదు.

ఆయన మళ్లీ పైపు లాగి ఇంత పెట్రోలు గచ్చు మీద పోశాడు. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత వేలు అద్ది వాసన చూశాడు.

"పెట్రోలైతే గీపాటికి ఆరిపోవాలె తమ్మీ. జిడ్డు ఆడనే ఉన్నది సూడు, నీలంగ. గిండ్ల గ్యాసునూనె కలిసింది."

మెట్ల మీద నుంచి మా ఆవిడ లేచి నిలబడింది. "కిరసనాయిలా? ఏవండీ, మీరు బంకుకి పట్టుకెళ్లింది రేషన్ డబ్బానా? అందులో అడుగున లీటరు దాకా ఉంది కదండీ."

ముందురోజు బంకు దగ్గర బళ్ల క్యూ చూసి, బండి ఇంటి దగ్గర వదిలేసి, కంగారులో చేతికందిన డబ్బా పట్టుకుపోయి అందులోనే పెట్రోలు పోయించాను. ఇంటికొచ్చాక కరెంటు లేదు. చీకట్లోనే మొత్తం ట్యాంకులో కుమ్మరించాను. చేసిందంతా నేనే.

ఆయన నవ్వలేదు. ట్యాంకు, కార్బురేటర్ బకెట్లోకి ఖాళీ చేయించాడు. "చెల్లె, గీ ప్లగ్గును పొయ్యి మీద జర వేడి చెయ్యమ్మా" అన్నాడు. ఆమె పట్టకారుతో పట్టుకుని గ్యాస్ మంట మీద కాల్చి ఆరబెట్టింది. బంకులన్నీ మూసి ఉన్నాయి కదా, పెట్రోలెక్కడిదని నేను అడిగేలోపే ఆయన చొక్కా వేసుకుని శిబిరం వైపు పరుగులాంటి నడకతో వెళ్లాడు. ఇరవై నిమిషాల్లో వచ్చాడు. చేతిలో నీళ్ల సీసా నిండా పెట్రోలు. సమ్మెలో కూర్చున్నవాళ్లు తలా కొంచెం తమ బళ్లలోంచి తీసి ఇచ్చారట.

మూడో కిక్కుకి బండి అందుకుంది. పొగ కక్కుతూనే చౌరస్తా దాటాం. నా నంబరు ప్లేటు చూసి కూడా ఎవరూ ఆపలేదు. శిబిరంలోంచి ఒకాయన "పైలంగ పోండ్రి" అని జాగ్రత్త చెప్పాడు. పదకొండుకి అయిదు నిమిషాల ముందు ఆమె మంచం మీద ఉంది.

సాయంత్రం ఇల్లు చేరాక ఆమెను పైకి పంపి, నేను కింది వాటా తలుపు ముందు నిలబడ్డాను. చెప్పకపోతే ఆ పూట నాకు అన్నం సహించదు.

"అన్నా, పొద్దున నేను ఒక తప్పుడు మాట అనుకున్నాను. మీరే ట్యాంకులో ఏదో పోశారని."

"ఎరుకే" అన్నాడు. "మూత తీసి నా కిటికీ దిక్కు సూసినవ్ గద."

"తెలిసి కూడా ఎందుకొచ్చారు?"

"నీ మీది కోపం చెల్లె మీద తీస్తనా?"

ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ ఇల్లు మారాం. ఆమెకు ఇంకొన్నేళ్లు దక్కాయి. వాటిలో ప్రతి రోజునూ నేను ఆ మనిషి చలవ కిందే లెక్క వేసుకుంటాను.

ఆయన మాత్రం నన్ను ఎక్కువసేపు అక్కడ నిలబడనివ్వలేదు.

"ఎల్లుండి మల్ల దవాఖాన ఉన్నది, బంద్ గూడ ఉంటదంటున్నరు" అన్నాడు. "గా డబ్బా మంచిగ కడిగి ఎండవెట్టు, పో."