ముహూర్తానికి తెల్లపళ్ళు

కోవిడ్ తగ్గిన మరుసటి వేసవి. రాజోలులో నా పళ్ళ ఆసుపత్రి తెరిచి ఏడాదైంది. కిటికీ అవతల కాలవ నీళ్ళమీద కొబ్బరాకుల నీడలు ఊగుతుంటే, పేషెంట్లు లేని మధ్యాహ్నాలు నాకు కల కంటున్నట్టే గడిచేవి. అలాంటి ఒక మధ్యాహ్నం సన్నాయి వీర్రాజుగారు వచ్చారు. భుజాన సన్నాయి సంచీ, పళ్ళనిండా ముప్ఫై ఏళ్ళ కిళ్ళీ మరకలు.

“ఇవాళ్టికి నాలుగో రోజు మా అమ్మాయి పెళ్ళండీ. ముహూర్తానికి నేనే వాయిస్తానని దానికి చిన్నప్పుడే మాటిచ్చేనండి. అందుకే కన్యాదానం కూడా మా అన్నయ్యగారికి అప్పజెప్పేను. ఫొటోల్లో ఈ పళ్ళేం బాగుంటాయండీ?”

క్లీనింగ్ చేసి, పళ్ళను తెల్లబరిచే బ్లీచింగ్ జెల్ గురించి చెప్పాను. పది శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ పళ్ళకు తొడుక్కునే ట్రేలో వేసి ఇంట్లో రోజూ పెట్టుకుంటే రెండు వారాల్లో మెల్లగా తెలుపొస్తుంది. ముప్ఫై అయిదు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అయితే కుర్చీలోనే గంటలో పనవుతుంది. చివరికి వచ్చే తెలుపు దాదాపు ఒకటే. ఘాటు పెరిగితే తొందరగా అవుతుంది, పళ్ళు జివ్వుమనడమూ ఎక్కువవుతుంది.

“ఘాటుదే పెట్టేయండి డాక్టరమ్మా.”

“రెండు మూడు రోజులు జివ్వుమంటాయండీ.”

“ఆయ్, ఓర్చుకుంటానండి.”

పెట్టేశాను. అద్దం చూసుకుని ఆయన పసివాడిలా నవ్వారు. నాకూ గర్వంగానే ఉంది, ఎందుకు దాచుకోవాలి!

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చారు, కళ్ళనిండా నీళ్ళతో.

“ఊపిరి లాగితే పళ్ళలో సూదులు దిగుతున్నాయండీ. ఒక్క కీర్తన సాగట్లేదు. మా అమ్మాయికి ఏం మొహం చూపించనండీ?”

సన్నాయి వాయించేవాళ్ళు పాట మధ్యలో నోటితోనే గబుక్కున గాలి లాగుతారని నాకు తట్టనేలేదు. సంచీ కళ్ళముందే ఉంది, నా బుద్ధి ఏ గడ్డి మేసిందో! జివ్వు తగ్గించే పొటాషియం నైట్రేట్ జెల్ ట్రేలో వేసి కూర్చోబెట్టాను. పెళ్ళిదాకా రోజుకు రెండుసార్లు రప్పించాను.

పెళ్ళికి నేనూ కొత్తపేట వెళ్ళాను. ఎండ ముదరని వేళ ముహూర్తం. ఆయన సన్నాయి ఎత్తారు. మొదటి స్వరం వణికింది. ఆ తర్వాత పాట అరటితోటల మీదుగా సాగిపోయింది. పందిట్లో అందరం నిద్రలో తేలుతున్నట్టు ఉండిపోయాం. అమ్మాయి తలెత్తి నాన్నను చూసింది.

ఇప్పుడు ఎవరొచ్చినా, జెల్ ఎంత శాతమన్నది తర్వాత. నోటితో ఏం పని చేస్తారని ముందు అడుగుతాను.

నెల తర్వాత ఆయన ఆల్బమ్ తెచ్చారు. పేజీలన్నీ తిప్పాను. ఒక్క ఫొటోలోనూ ఆయన పళ్ళు కనపడలేదు.

“ఎలా కనపడతాయండీ? తాళి పడేదాకా సన్నాయి దించలేదు. దించేక ఏడుపే కదండీ.”